ఉసిగొల్పుడు, తోల్కపోవుడు



సాయంత్రం ఆరు దాటాక హైదరాబాదులో నయాపూల్ వంతెన మీద ఒక పక్కగా నిలబడి చూడండి. మనిషిని మనిషి ముందుకు కదిలించడానికి ఈ ఊళ్ళో ఎన్ని మాటలున్నాయో దాదాపు అన్నీ అక్కడే వినిపిస్తాయి. మదీనా వైపు నుంచి బట్టల మూటలతో తోపుడుబండి వంతెన మీదికి వస్తుంది. మూటల వెనక నెట్టేవాడి తల కనిపించదు, "బాజూ, బాజూ" అన్న గొంతు మాత్రం వినిపిస్తుంది. సిటీ బస్సు ఫుట్‌బోర్డు దగ్గర నుంచి కండక్టరు "లోపలికి జరుగుండ్రమ్మా, జర జరుగుండ్రి" అంటుంటాడు. ఆటోలో కూర్చున్న పెద్దమనిషి "జర తేజ్ చలావ్ భై" అని డ్రైవరు భుజం తడతాడు. ముందర జానెడు జాగా లేదని డ్రైవరుకీ తెలుసు, పెద్దమనిషికీ తెలుసు. అయినా ఆ మాట అనకపోతే ఆయనకు తోచదు. వీళ్ళందరి వెనకా ఉన్న మోటారు సైకిలు కుర్రాడికి మాటలతో పనే లేదు. హారన్ మీద పెట్టిన బొటనవేలు తీయడు.

ఎదుటివాణ్ణి కదిలించే ఈ మాటలే ఈ వేళ మన విషయం. తోలడం, అదిలించడం, ఎగదోయడం, పురికొల్పడం, ఉసిగొల్పడం, ప్రేరేపించడం, ఉత్తేజపరచడం. పైకి అన్నీ ఒకే పని చేస్తున్నట్టు ఉంటాయి. పుట్టుక చూస్తే మాత్రం ఒక్కోదాని వెనక ఒక్కో పనిముట్టు, ఒక్కో వృత్తి, ఒక్కో రకం మనిషి ఉన్నారు.

ఆ వృత్తులూ పనిముట్లూ చాలావరకు ఈ వంతెన చుట్టుపక్కలే ఉన్నాయి, లేదా ఒకప్పుడు ఉండేవి. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపూల్ ఉండగా, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో మూసీ మీద ఇంకో వంతెన వచ్చింది కనుక దీన్ని నయాపూల్ అన్నారు. ఆయన పాలించింది 1857 నుంచి 1869 దాకా. అంటే ఈ కొత్త వంతెన పేరు పాతబడి నూటయాభై ఏళ్ళు దాటింది. దక్షిణపు ఒడ్డున హైకోర్టు. ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా దవాఖాన, అఫ్జల్‌గంజ్, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఇంకాస్త లోపలికి పోతే బేగంబజార్, ఫీల్‌ఖానా.

ముందు కర్రతో మొదలుపెడదాం. తెలుగులో కోల అంటే కర్ర. కోలాటంలో ఉన్నది ఆ కోలే. చివర ఇనుప ముల్లు దిగ్గొట్టిన కోల ములుకోల. కొన్నిచోట్ల ముల్లుకర్ర అంటారు. మునికోల అనే మాటా ఉంది. తెలుగు బైబిలు చదివేవారికి అది బాగా పరిచయం. దమస్కు దారిలో సౌలుకు వినిపించిన హెచ్చరికలో మునికోలలకు ఎదురు తన్నడం అనే మాట వస్తుంది. పొడుపుకి కోపం వచ్చి ఎద్దు వెనక్కి తంతే ముల్లు ఇంకాస్త లోపలికి దిగుతుంది తప్ప కర్రకి పోయేదేం లేదు. గ్రీకు నాటకకర్తలకూ తెలిసిన సామెత అది. మడక దున్నిన ప్రతి దేశంలోనూ ఆ సామెత అర్థమవుతుంది.

ఎద్దుల్ని తోలే రైతు చేతిలో కర్ర ఎప్పుడూ ఉంటుంది గాని ఎప్పుడూ దిగదు. ముందు నోరు పనిచేస్తుంది. "హై", "ఛో" అంటూ నాలుక చప్పుడు చేస్తాడు. దాన్నే అదిలించడం అంటాం. మాట వినకపోతే తోక మెలిపెడతాడు. ఆ తర్వాతే కర్ర. ములుకు దిగిన చోట పుండు పడితే దాని మీద కాకి వాలుతుంది. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్న సామెత అక్కణ్ణుంచి వచ్చిందే. మన దేశంలో బండి లాగే, బరువు మోసే పశువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి వచ్చిన 1965 నాటి నియమాలు వాటిని తోలడానికి ముల్లున్న కర్ర వాడటాన్నే నిషేధించాయి. చట్టం ప్రకారం చూస్తే ములుకోలకు కాలం చెల్లి అరవై ఏళ్ళయింది.

కర్ర పోయినా ముల్లు పోలేదు. అది నాలుక మీదికి వచ్చి చేరింది. ములుకుల్లాంటి మాటలు అంటాం. సూటిపోటి మాటలు అంటాం. పోటు అన్నది పొడుచు నుంచి వచ్చిన మాటే, కత్తిపోటులో ఉన్నదే. ఎత్తిపొడుపులోనూ ఆ పొడవడమే ఉంది. అత్తగారు పదిమందిలో "మా వాడికి ఎన్ని సంబంధాలొచ్చినయో" అని ఊరికే అన్నట్టు అంటుంది. ఎవరి పేరూ ఎత్తదు. పొయ్యి దగ్గరున్న కోడలికి మాత్రం ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. ఎద్దు పుండు కంటికి కనిపిస్తుంది. ఈ పుండు మీద వాలడానికి కాకి కూడా రాదు.

ఇక ఏనుగు దగ్గరికి వద్దాం. బేగంబజార్ పక్కన ఫీల్‌ఖానా అనే పేట ఉంది. ఫీల్ అంటే ఏనుగు, ఫీల్‌ఖానా అంటే ఏనుగుల శాల. ఇప్పుడక్కడ టోకు దుకాణాలే. ఏనుగు మాత్రం ఏటా ఒకసారి ఈ దారి పడుతుంది. పాతనగరం ఆషాఢ బోనాలు ముగిసే రోజు, హరిబౌలిలోని అక్కన్న మాదన్న మహంకాళి గుడి నుంచి అమ్మవారి ఘటం ఏనుగు మీద ఎక్కి, చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా వస్తుంది. ఘటాలను కలిపేది ఇక్కడే, మూసీలో. డప్పులు, పోతరాజుల కొరడాలు, వేల మంది అరుపుల నడుమ అంత పెద్ద జంతువు అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుందంటే మావటి మాట వల్లా, అతని చేతిలోని అంకుశం వల్లా. మావటి అన్న మాట సంస్కృతంలోని మహామాత్రుడి నుంచి వచ్చింది. ఒకప్పుడు అది పెద్ద హోదా.

అంకుశాన్ని దగ్గరగా చూస్తే దానికి రెండు కొనలుంటాయి. ఒకటి నిటారుగా పొడుచుకొచ్చిన మొన. రెండోది వెనక్కి వంగిన కొక్కెం. మొనతో ముందుకు నడుపుతారు, కొక్కెంతో వెనక్కి లాగుతారు. అంక అంటే సంస్కృతంలో వంపు, కొక్కెం. అంకుశం పేరులో ఉన్నది పొడిచే మొన కాదు, పట్టి ఆపే వంపు. అందుకే తెలుగులో ఆ మాట నడపడం వైపు కంటే ఆపడం వైపే మొగ్గింది. రాజశేఖర్ హీరోగా కోడి రామకృష్ణ తీసిన పోలీసు సినిమాకి అంకుశం అన్న పేరు పెడితే జనానికి వెంటనే ఎక్కింది. ఎవరినో నడిపించే కథ అని ఎవరూ అనుకోలేదు, ఎవరికో కళ్ళెం పడుతుందనే అనుకున్నారు. పట్టపగ్గాలు లేని ఏలికను నిరంకుశుడు అంటాం. నిజాం నిరంకుశ పాలన అనే మాట తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. రాసేవారికి గుర్తుండకపోవచ్చు గాని, ఆ మాటలో రాజుని పోల్చింది మావటి లేని ఏనుగుతో. సంస్కృతంలో ఒక నానుడి కవుల్ని కూడా నిరంకుశులనే అంది. అది మాత్రం మెచ్చుకోలు.

వినాయకుడి చేతుల్లోనూ ఒకదానిలో పాశం, ఒకదానిలో అంకుశం ఉంటాయి. నిమజ్జనం నాడు బాలాపూర్ నుంచి బయలుదేరిన ఊరేగింపు చార్మినార్, మదీనా దాటి ఈ వంతెన మీదుగానే అఫ్జల్‌గంజ్ వైపు పోతుంది. ఏనుగు తల ఉన్న దేవుడి చేతికే ఏనుగును నడిపే సాధనం ఇచ్చిన శిల్పి ఎవరో గాని గట్టివాడు. తనను తాను నడుపుకొనేవాడికి వేరే మావటి అక్కర్లేదని దాని అర్థం చెప్పుకోవచ్చు.

ఇప్పుడు బజారులోకి. బేగంబజార్‌లో సరుకు కట్టాలంటే సుతిలి కావాలి. తెలుగులో పురికొస. పురి అంటే దారానికి, తాడుకి వేసే మెలి. విడి పీచును అరచేతుల మధ్య పెట్టి పేనితే పురి ఎక్కుతుంది. పురి ఎక్కిన పీచు బరువు మోస్తుంది. నిఘంటువుల్లో పురి అన్న మాటకి నెమలి పింఛం మొదలైన అర్థాలు కూడా ఉన్నాయి గాని, పురికొల్పడం అన్నప్పుడు నాకు కనిపించేది ఈ దారపు మెలే. ఉన్న పీచే, కొత్తగా ఏమీ కలపలేదు. బలం మాత్రం వచ్చింది.

రెండో సగం, కొల్పు, ఇంకా ముచ్చటైనది. కొను అనే క్రియను ఒకరి చేత చేయిస్తే కొల్పు అవుతుంది. మేలుకొను, మేలుకొల్పు. నెలకొను, నెలకొల్పు. పురికొను, పురికొల్పు. నిద్రపోతున్న దేవుణ్ణి లేపే పాట మేలుకొలుపు. బడి పెట్టడం, సంస్థ పెట్టడం నెలకొల్పడం. ఆశగొలిపే మాట, భయం గొలిపే చీకటి, ఇవన్నీ ఈ ఇంటివే. ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరు. మేలుకొల్పులో మంచి తప్ప చెడు లేదు. పురికొల్పు రెండు వైపులా పోతుంది, చదువుకు పురికొల్పినవాడూ ఉంటాడు, దొంగతనానికి పురికొల్పినవాడూ ఉంటాడు. అదే ఇంట్లో చెడిపోయినవాడు ఉసిగొల్పు. కుక్కను మనిషి మీదికి పంపేటప్పుడు "ఉస్కో, ఉస్కో" అంటారు కదా, ఆ ఉసి అది. ఉసిగొల్పడంలో మంచి అర్థం వెతికినా దొరకదు. "చదువుకొమ్మని ఉసిగొల్పాడు" అని తెలుగువాడెవడూ అనడు. అంటే నవ్వులాటకే అనాలి.

ఇంకో తేడా ఉంది. పురికొల్పడానికి మనిషే ఉండనక్కర్లేదు. ఈ వంతెన కిందున్న నదే సాక్ష్యం. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేల మందిని పొట్టన పెట్టుకుంది, ఒడ్డున ఉన్న పేటల్ని ఊడ్చేసింది. ఆ వరదే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఇక్కడికి పిలిపించేలా పురికొల్పింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టించింది. ఎగువన ఉస్మాన్ సాగర్, తర్వాత హిమాయత్ సాగర్ కట్టించింది. 1920లో తెరిచిన హైకోర్టు భవనం, ఆ తర్వాత ఎదుటి ఒడ్డున లేచిన ఉస్మానియా దవాఖాన, వరద తర్వాతి ఆ నగర నిర్మాణంలోవే. ఇంత చేసినా వరద ఉసిగొల్పిందని మాత్రం అనలేం. వరదకు పగ లేదు. ఉసిగొల్పడానికి పగ ఉన్న మనిషి కావాలి.

బజారులోనే ఉందాం. పాతబస్తీ ఉర్దూలో ఉక్సానా అంటే రెచ్చగొట్టడం. "ఉసే కిసీ నే ఉక్సాయా" అంటే వాణ్ణి ఎవడో ఎక్కించాడని. కాని ఆ మాటకు నిఘంటువులో ఇంకో అర్థం ఉంది, దీపపు వత్తిని పైకి జరపడం. నూనె దీపం మసకబారితే పుల్లతో వత్తిని కాస్త పైకి తోస్తే మళ్ళీ వెలుగుతుంది. ఇప్పుడు తెలుగు చూడండి. వత్తిని ఎగదోయడం, పొయ్యిలో కట్టెల్ని ఎగదోయడం, మనిషిని ఎగదోయడం. రెండు వేరు కుటుంబాల భాషలు. ఒకదాన్నుంచి ఒకటి అరువు తెచ్చుకోలేదు. రెండింటికీ ఒకే వంటింటి పని తోచింది. అయితే వత్తిని ఎగదోస్తే వెలుగు, మరీ ఎగదోస్తే పొగ, ఇంకా ఎగదోస్తే దీపమే పోతుంది. "పక్కింటాయన ఎగదోస్తే మావాడు కోర్టుకెక్కిండు" అన్నప్పుడు ఆ మూడో దశే.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. లాటిన్‌లో స్టిములస్ అంటే పశువుల్ని పొడిచే ములుకోల. ఆర్థిక వ్యవస్థ మందగించినప్పుడు ప్రభుత్వాలు స్టిములస్ ప్యాకేజీ ప్రకటిస్తే తెలుగు పత్రికలు దాన్ని ఉద్దీపన ప్యాకేజీ అన్నాయి. ఉద్దీపన అంటే వెలిగించడం. అక్కడి ములుకోల ఇక్కడికి వచ్చేసరికి దీపం అయింది. తెలిసి చేశారో తెలియక చేశారో గాని, పొడవడం కంటే వత్తి సరిచేయడం మనకు నచ్చిన పద్ధతి.

నచ్చని పద్ధతులూ ఉన్నాయి. పుల్లలు పెట్టడం అలాంటిదే. ఇద్దరి మధ్యా పుల్ల పెట్టి తాను తప్పుకొనేవాణ్ణి ప్రతి వాడలోనూ చూస్తాం. గిల్లి జోలపాడేవాడూ ఇతనికి చుట్టమే. మునగచెట్టు ఎక్కించేవాడు ఇంకొంచెం నాగరికుడు. పొడవడు, గిల్లడు, పొగడ్తతోనే పని జరిపిస్తాడు. కొమ్మ విరిగేటప్పుడు కింద మాత్రం ఉండడు.

అప్పులిచ్చే బజారు గనుక వసూళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. అరబ్బీ నుంచి పారశీకం మీదుగా ఉర్దూలోకి వచ్చిన మాట తకాజా. బాకీ తీర్చమని పదే పదే అడగడం దాని అర్థం. మరాఠీలో అది తగాదా అయింది, ఇప్పటికీ అక్కడ తగాదా అంటే బాకీకి వెంటపడటమే. అదే మాట తెలుగులోకి వచ్చేసరికి అర్థం కొట్లాట అయి కూర్చుంది. ఎలా మారిందో చెప్పడానికి పండితులు అక్కర్లేదు. ఒకే బాకీని నాలుగోసారి అడిగి చూడండి. ఇలాంటిదే తాకీదు. అరబ్బీలో గట్టిగా నొక్కి చెప్పడం. సర్కారు నొక్కి చెబితే అది హుకుం కదా, అందుకే మనకు తాకీదు అంటే జారీ అయ్యే కాగితం. తొందర కథ కూడా ఈ వరసలోదే. పక్కనున్న కన్నడంలో తొందరె అంటే ఇబ్బంది. తెలుగులో త్వరపడటం. ఒకరి త్వర ఇంకొకరికి ఇబ్బందే అని రెండు భాషలూ కలిసి ఒప్పుకున్నట్టుంది.

ఇక సంస్కృతం నుంచి వచ్చిన పెద్ద మాటలు. పత్రికల్లో వాహన చోదకులు అని రోజూ చదువుతాం. నయాపూల్ దగ్గర ట్రాఫిక్ ఆగితే వాహన చోదకుల ఇక్కట్లు అన్న శీర్షిక తప్పదు. చుద్ అనే ధాతువుకు ముందుకు పురికొల్పడం అని అర్థం. గాయత్రీ మంత్రం చివరి మాట ప్రచోదయాత్ అందులోంచి వచ్చిందే. బుద్ధుల్ని ముందుకు నడిపించమని సూర్యుణ్ణి వేడుకొనే మాట. మీమాంసకులైతే ధర్మాన్ని నిర్వచించడానికే చోదన అన్న మాటను వాడారు. అంత దూరం నడిచిన మాట ఇప్పుడు హారన్ మీద బొటనవేలు పెట్టిన కుర్రాడికి బిరుదైంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది మాత్రం ఉత్తేజం. తిజ్ అనే ధాతువుకు పదునెక్కడం, పదును పెట్టడం అని అర్థం. తీక్ష్ణం, తేజస్సు, ఉత్తేజం దాని సంతానం. ఉత్తేజపరచడం అంటే అసలు అర్థంలో మొద్దుబారినదాన్ని సానబెట్టడం. ఇదే మూలం పారశీకంలో తేజ్ అయింది, పదునైనది, చురుకైనది, వేగమైనది. ఆటోలో పెద్దమనిషి అన్న "తేజ్ చలావ్" ఇదే. అటు యూరపులో ఇదే మూలం గుచ్చడం అనే అర్థంతో లాటిన్‌లోకి పోయి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులో ఇన్‌స్టిగేట్ అయింది. రేడియోలో మేం ఉత్తేజం అంటాం. ఆటోలో తేజ్ అంటారు. హైకోర్టులో వకీలు ఇన్‌స్టిగేషన్ అని వాదిస్తాడు. ముగ్గురూ వాడుతున్నది వేల ఏళ్ళ కిందటి ఒకే మొన.

హైకోర్టు మాట వచ్చింది కనుక లోపలికి పోదాం. నేరం చేసినవాడితో పాటు చేయించినవాడూ నేరస్తుడే, చేయించడం అంటే ఏమిటో 1860 నాటి భారత శిక్షాస్మృతి 107వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో ఇది 45వ సెక్షన్. దీనికి తెలుగులో దుష్ప్రేరణ అనే మాట వాడతారు. అందులో మొదటి రకమే పురికొల్పడం. పురికొల్పిన పని జరిగిపోతే, వేరే శిక్ష ప్రత్యేకంగా చెప్పనప్పుడు, పురికొల్పినవాడికీ చేసినవాడి శిక్షే పడుతుంది.

పురికొల్పడం అంటే ఏమిటి మరి? మాటతో ఒక మనిషిని చావు దాకా నెట్టారన్న కేసుల్లో ఈ ప్రశ్న వస్తుంది. 2001లో రమేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెబుతూ మొట్టమొదట వాడిన మాట ములుకోలదే, ఇంగ్లీషులో గోడ్. పొడిచి నడపడం, ముందుకు తోయడం, రెచ్చగొట్టడం, ఎగదోయడం, ప్రోత్సహించడం, ఇవన్నీ దాని కింద చేర్చింది. అయితే కోపంలో, ఆవేశంలో, అలా జరగాలన్న ఉద్దేశం లేకుండా నోరు జారిన మాట పురికొల్పడం కిందికి రాదని కూడా తేల్చింది. 2009లో చిత్రేశ్ కుమార్ చోప్రా కేసులో అదే కోర్టు గోడ్ అన్న మాటకి నిఘంటువు తెరిచి మరీ అర్థం చూసింది. ఎద్దుల కర్రకు పెట్టిన పేరు మీద ఒక మనిషి జైలూ విడుదలా ఆధారపడ్డాయి.

కోర్టులు చూసేది రెండు. అన్నవాడి ఉద్దేశం ఏమిటి? ఆ మాటకీ జరిగినదానికీ లంకె ఉందా? ఈ మాటలన్నిటినీ తిరగేసి చూస్తే మన భాష ఎప్పటినుంచో మూడో ప్రశ్న కూడా అడుగుతోందని అనిపిస్తుంది. తోసినవాడు ఎక్కడున్నాడు?

బండి తోలేవాడు ఎక్కడుంటాడు? బండి మీదే. ఎద్దు గుంటలో పడితే అతనూ పడతాడు. మావటి ఎక్కడుంటాడు? ఏనుగు మెడ మీద. అది బెదిరితే మొదట పోయేది అతని ప్రాణమే. తోపుడుబండి నెట్టేవాడు బండి వెనకే నడుస్తాడు. కుక్కను ఉసిగొల్పేవాడు మాత్రం గడప దాటడు. పుల్ల పెట్టినవాడు కిటికీ దగ్గర నిలబడి చూస్తాడు. మునగచెట్టు ఎక్కించినవాడు చెట్టు కిందికే రాడు. మంచి మాటలకీ చెడ్డ మాటలకీ ఇన్నాళ్ళూ గీసిన గీత చాలావరకు ఇక్కడే ఉంది. చేతిలో ముల్లుందా లేదా అన్నది దాని తర్వాతి సంగతి.

తెలంగాణ తెలుగులో దీనికి గట్టి సాక్ష్యం ఉంది. "అమ్మను ఉస్మానియా దవాఖానకు తోల్కపోయిన" అంటారు. "పిల్లగాన్ని బడికి తోల్కపో" అంటారు. కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవారికి ఇది మొదట చెవికి గుచ్చుకుంటుంది, అమ్మను గొడ్డును తోలినట్టు తోలడమేమిటని. వాళ్ళు తోలు అన్న సగమే వింటారు. ఆ మాటకి ప్రాణం కపోలో ఉంది, తోలుకొని పోవడంలో. అవుట్ పేషంట్ల చీటీ కోసం వరసలో నిలబడటం, డాక్టరు చెప్పింది తాను విని అమ్మకు అర్థమయ్యేలా మళ్ళీ చెప్పడం, మందుల సంచీ మోయడం, తిరుగు ప్రయాణంలో బస్సులో సీటు అడిగి కూర్చోబెట్టడం, ఇవన్నీ ఆ ఒక్క క్రియలోకి వస్తాయి.

ఇంకో చిన్న మాట చూడండి. పో అంటే పంపించడం. పద అంటే? అన్నవాడు కూడా వస్తున్నాడని. "నువ్వు పద, నేను తాళమేసి వస్తా" అంటాం. "నువ్వు పద, నేను రాను" అంటే చెవికి అతకదు. తెలంగాణలో అదే "పా" అయింది, "పోదాం పా" అంటారు. ఉర్దూ చలోలోనూ ఈ తోడు ఉంది. 2013లో తెలంగాణ ఉద్యమంలో చలో అసెంబ్లీ అని పిలుపిచ్చినవాళ్ళు ముందు వరసలో నడవకపోతే ఆ పిలుపు చెల్లేది కాదు. ఏ ఉద్యమమైనా జనాన్ని పదండి అంది గాని పోండి అనలేదు. పోండి అన్న నాయకుడి వెనక ఎవరూ లేరు, ముందరా ఎవరూ లేరు.

ఇది ఇంట్లో కూడా లెక్కకొస్తుంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే ప్రతి ఇంట్లో ములుకోల బయటికి తీస్తారు. పక్కింటి పిల్లకి ర్యాంకు వచ్చిందని సూటిపోటి మాట, ఇన్ని లక్షలు కట్టామని తకాజా. అయిదింటికి లేచి చదవమని పిల్లవాణ్ణి అదిలించి, తాను దుప్పటి కప్పుకొని పడుకొనే తండ్రి గడప మీద నిలబడ్డవాడే. అదే అయిదింటికి లేచి, టీ కాచి పెట్టి, పక్కన కూర్చొని తన పేపరు తాను చదువుకొనే తండ్రి నోరు తెరిచి ఏమీ అనకపోయినా పిల్లవాణ్ణి తోల్కపోతున్నట్టే.

కనుక ఎవరినైనా ముందుకు తోయాలనిపిస్తే మాట కోసం వెతుక్కోకండి, మాటలకు మన దగ్గర కరువు లేదు. ఆ దారిలో మీరూ నాలుగడుగులు వేస్తారా అన్నది ముందు తేల్చుకోండి. వేస్తారా, గట్టిగానే అనండి, కాస్త గుచ్చుకున్నా పరవాలేదు, మీరు పక్కనే ఉంటారు. వేయరా, ఆ మాట నోట్లోనే ఉంచుకోండి. గడప మీద నిలబడి ఉస్కో అనడానికి మనుషులు ఇప్పటికే చాలామంది ఉన్నారు.